చెల్లీ, ఇది చూశావా?

పొద్దున్నే పొయ్యి మీద పాలు పెట్టి ఫోను చేతిలోకి తీసుకుంటే, చెల్లీ, నాకు ముందు గుర్తొచ్చేది నువ్వే. ఎక్కడ వింత కనబడినా నీకు పంపేదాకా నాకు ముద్ద దిగదు. నువ్వూ అంతేగా! మొన్న జపాన్లో స్టేషన్ మాస్టరైన పిల్లి కథ పంపావు. తామా అనే ఆ పిల్లికి 2007లో కిషి స్టేషన్లో ఉద్యోగమిచ్చి, తలకి చిన్న టోపీ కూడా పెట్టారని చదివి మా పిల్లలు ఎంత మురిసిపోయారో. ఈసారి నా దగ్గరున్న కబురు మాత్రం అంత దూరానిది కాదు. మన ఏలూరుదే.

పాత పత్రికల పేజీలు ఫొటోలు తీసి నెట్లో పెడుతున్నారు కదా. వాటిలో ఇంకేదో వెతుకుతుంటే ‘హిందూసుందరి’ అన్న పేరు దగ్గర నా వేలు ఆగిపోయింది. 1902 ఏప్రిల్‌లో మన ఏలూరు నుంచి మొదలైన మాసపత్రిక అది. ఆడవాళ్ళ కోసం సత్తిరాజు సీతారామయ్యగారు పెట్టారు. సంపాదకులుగా మొసలికంటి రామాబాయమ్మగారు, వెంపల శాంతాబాయిగారు. ఇద్దరూ ఆడవాళ్ళే! అప్పటికి మా నాయనమ్మ ఇంకా పుట్టలేదు. నేనూ నువ్వూ ఈ పేజీలో ఇలా కబుర్లు చెప్పుకుంటున్నామే, మనకంటే నూటిరవై ఏళ్ళ ముందే ఇదే ఊళ్ళో ఈ అరుగు వేసి ఉంచారన్నమాట.

అంతేనా? ఆ ఏడాది నవంబరులోనే భండారు అచ్చమాంబగారి ‘ధనత్రయోదశి’ కథ ఆ పత్రికలో వచ్చింది. తెలుగులో తొలి కథ గురజాడవారి ‘దిద్దుబాటు’ అని మనం బళ్ళో చదువుకున్నాం. అది 1910 నాటిది. ఈ కథ దానికి ఎనిమిదేళ్ళు పెద్దది. అందుకే తొలి కథ అచ్చమాంబగారిదే అనేవాళ్ళు ఈరోజు చాలామంది ఉన్నారు. నేనూ ఆ పక్షమే. బొంబాయిలో ఓ పేద గుమాస్తా ఇల్లు, ఎదురుగా పండగ, చేతిలో కాసు లేదు. పరాయి సొమ్ముకి మనసు జారబోయిన భర్తని భార్య విజయలక్ష్మి నిలబెడుతుంది. రెండు వేళ్ళతో అక్షరాలు పెద్దవి చేసుకుంటూ చదివాను. మధ్యలో పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా చూసుకోలేదు.

అచ్చమాంబగారి బతుకు తెలిస్తే నీ మనసూ కలుక్కుమంటుంది. 1874లో పెనుగంచిప్రోలులో పుట్టింది. బడి మొహం చూడలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకుంది. కన్న పిల్లల్ని పోగొట్టుకుంది. ఆ కడుపుకోతతోనే ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ అని ఎందరో స్త్రీల చరిత్రలు రాసింది. 1905లో ముప్ఫై ఏళ్ళకే వెళ్ళిపోయింది. మన పిల్లలకి ఈ పేరు చెప్పకపోతే ఎలా?

ఇది గూడెంలో ఉన్న మా వదినకి పంపాను. ఆవిడ ఊరుకుంటుందా, బదులుగా పక్షుల కబురొకటి పంపింది. కె.కె. నీలకంఠన్ అని కేరళాయన. మలయాళీలకి ‘ఇందుచూడన్’ అంటే తెలుస్తుంది, వాళ్ళ భాషలో పక్షుల మీద 1958లో గొప్ప పుస్తకం రాశాడు. ఆయన 1946లో మన పశ్చిమ గోదావరిలోని ఆరేడు గ్రామానికి వచ్చి, అక్కడి చెట్ల మీద గూడబాతులు, అదే మనం పెలికాన్లంటామే, గూళ్ళు కట్టుకుని పిల్లల్ని పెంచుతుంటే చూసి లోకానికి చెప్పాడట. చదివాక ఆగలేక కైకలూరు దగ్గర ఆటపాక వెళ్ళొచ్చాం. అటవీశాఖవాళ్ళు నీళ్ళలో పాతిన ఇనప స్టాండ్ల మీద ఇప్పుడు వాటి కాపురం. ఓ పిల్ల తల్లి గొంతు సంచిలోకి మెడదాకా తల దూర్చేసి చేప తింటోంది. తల్లి కళ్ళు మూసుకుని ఓర్చుకుంటోంది. పడవలో ఉన్న ఆడవాళ్ళం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

ఇంకోటి కూడా చూడు. గూగుల్ ఎర్త్‌లో 1984 నుంచి ఏడాదికేడాది నేల ఎలా మారిందో చూపిస్తారు. ఆ పక్షులుండే కొల్లేరు మీద పెట్టి నడిపించాను. నీళ్ళూ గడ్డీ కలిసిపోయిన సరస్సు మీద చేపల చెరువులు గళ్ళచీర పరిచినట్టు కమ్ముకుంటూ వచ్చాయి. 1999లో 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది, 2006 నాటికి ఆ చెరువుల గట్లు పేల్చేశారు. కొల్లేరు బతకాలి, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఆ గట్టు మీద అప్పు చేసి పిల్ల పెళ్ళి అనుకున్న ఇల్లు ఎలా కుంగిపోయిందో దగ్గర్నుంచి చూశాను. ఆకాశం నుంచి తీసిన బొమ్మలో ఆ ఇంటి ఏడుపు ఉండదు చెల్లీ.

ఇన్ని పంపుతున్నానని నువ్వు మాత్రం వచ్చిందల్లా పంపెయ్యకు, ఇది నా మనవి. 2020 డిసెంబరులో మన ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయి, ఆరువందల మందికి పైగా ఆసుపత్రి పాలైన రోజులు గుర్తున్నాయా? ఎయిమ్స్ వాళ్ళు రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని చెప్పేలోపు ఫోన్లలో ఎన్ని కారణాలు తిరిగాయో. వాటిలో ఒకటి చదివి మా పక్కింటావిడ చంటిదానికి ఒక పూటంతా నీళ్ళు పట్టడానికే భయపడింది. అప్పటినుంచి ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు అని చూసుకోకుండా నేనేదీ ముందుకి తొయ్యను.

ఏ ఫోన్లోకీ ఇంకా ఎక్కని కబుర్లూ ఉన్నాయి చెల్లీ. కొల్లేటి లంకలో మా పెద్దమ్మ ఉంది. వయసు ఎనభై దాటింది. నీళ్ళు ఎటు తిరిగితే కొర్రమీను ఎటు పోతుందో, మట్టగిడస ఎక్కడ దాక్కుంటుందో, మావు ఎక్కడ పెడితే ఏది పడుతుందో దోనెలో కూర్చునే చెప్పేది. పెద్దింట్లమ్మ జాతరకి ఏ ఊరి నుంచి ఎవరెవరు ఎలా వచ్చేవారో వేళ్ళ మీద లెక్కపెడుతుంది. అదంతా ఆవిడ గొంతులోనే ఉంది. ఈ ఆదివారం వెళ్ళి ఫోన్లో రికార్డు చేద్దామని వదినకి చెప్పాను. తను గూడెం నుంచి వస్తోంది. నువ్వూ పొద్దున్నే బయల్దేరి రా. పెద్దమ్మకి మెత్తటి తమలపాకులంటే ప్రాణం, వచ్చేటప్పుడు ఒక కట్ట తీసుకురా.