సూదిమొనంత గాయం - వేలికి ముప్పు



మన విచారణలలో లారీ షెడ్డుల్లో, ట్రాక్టర్ల మీద, పెయింటింగు పనుల్లో జీవనం సాగించే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఈ వారం పాఠం ముఖ్యంగా వారికోసమే.

కారు టైరులో గాలి ఒత్తిడి చదరపు అంగుళానికి సుమారు 30 పౌండ్లు. 100 పౌండ్ల ఒత్తిడితో వచ్చే ద్రవం చర్మాన్ని ఛేదించగలదు. గ్రీజు గన్ను, పెయింటు స్ప్రే గన్ను, డీజిల్ ఇంజెక్టరు, హైడ్రాలిక్ పైపులలో ఇది వేల పౌండ్లలో ఉంటుంది. నాజిల్ చర్మానికి ఆనకపోయినా ప్రమాదమే.

సాధారణంగా జరిగేది ఇది. నాజిల్ మూసుకుపోతుంది. కుడిచేత్తో గన్ను పట్టుకొని, ఎడమచేతి చూపుడువేలితో దాన్ని తుడుస్తారు. చురుక్కుమంటుంది. చూస్తే ముల్లు గుచ్చుకున్నంత గుర్తు. నొప్పి కూడా పెద్దగా ఉండదు. గుడ్డతో తుడుచుకొని పనిలో పడతారు. మోసమంతా ఇక్కడే ఉంది! లోపలికి దూరిన ద్రవం వేలి నరాల తొడుగుల వెంట అరచేతి వరకు, ఒక్కోసారి మోచేతి వైపునకు కూడా పాకుతుంది. కొన్ని గంటలకు వేలు వాచి, పాలిపోయి, భరించలేని పోటు మొదలవుతుంది. రక్తప్రసారం ఆగి కండ కుళ్ళుతుంది. పెయింటు, థిన్నరు అయితే మరీ ప్రమాదం. డీజిల్‌తో జరిగిన ఇటువంటి గాయాన్ని 1937లోనే ఒక అమెరికన్ వైద్యుడు వర్ణించారు. ఇటువంటి కేసులను కలిపి పరిశీలిస్తే, సుమారు పదింట మూడింటిలో వేలు తీసివేయవలసి వచ్చింది.

కాబట్టి నొప్పి కోసం ఎదురుచూడకండి. ఉంగరం ఉంటే వెంటనే తీసేయండి. చేతిని గుండెకన్న ఎత్తుగా ఉంచండి. గాయాన్ని పిండవద్దు, గట్టిగా కట్టవద్దు, ఐసు పెట్టవద్దు. పసుపు, సున్నం పెట్టడం మనకు అలవాటే గాని, ఇక్కడ దానివల్ల విలువైన సమయం పోతుంది. ఆపరేషను అవసరం కావచ్చు గనుక ఏమీ తినవద్దు, త్రాగవద్దు. ఆ డబ్బాను, లేదా దాని లేబులునైనా వెంట తీసుకొని, సర్జను ఉన్న పెద్దాసుపత్రికి వెళ్ళండి. వాహనం లేకపోతే 108కి ఫోను చేయండి.

"గుచ్చుకుంది" అని మాత్రమే చెబితే టి.టి. ఇంజెక్షను ఇచ్చి ఇంటికి పంపే అవకాశముంది. "ప్రెషరుతో పెయింటు లోపలికి పోయింది" అని స్పష్టంగా చెప్పండి. వేలిని తెరిచి శుభ్రం చేయవలసి వస్తే మొదటి ఆరు గంటలలోపు చేయడం మేలు.

ఇక పైపు ఎక్కడ కారుతోందో చూడాలంటే, ఇంజను ఆపి ఒత్తిడి తీసేశాకే చెయ్యి పెట్టండి. నడుస్తుండగా చూడక తప్పకపోతే, దూరంగా నిలబడి పొడవైన అట్టముక్కను అడ్డం పెట్టండి. తడి అట్టమీద పడుతుంది.