తొలి విద్యుత్ మౌంటెన్ సైకిలు: కొనుగోలుకు ముందు తెలుసుకోవలసినవి

కోయంబత్తూరు, మదురై నగరాలలో నాయకరాజుల కాలం నుండి తెలుగు కుటుంబాలు స్థిరపడి ఉన్నాయి. అక్కడ నివసించేవారు విద్యుత్ సైకిలు కొనదలచినప్పుడు, ముందుగా తాము నిత్యం ప్రయాణించే దారిని పరిశీలించాలి. మదురై మాసి వీధుల వంటి సమతల మార్గాలకు సాధారణ విద్యుత్ సైకిలు చాలును. కోయంబత్తూరుకు పడమట మరుదమలై వైపు ఎత్తుపల్లాలలో తిరిగేవారికి వెడల్పు టైర్లు, గేర్లు, డిస్క్ బ్రేకులు గల మౌంటెన్ సైకిలు ప్రయోజనకరం.

మోటారు: చక్రంలో అమర్చినదానికి ధర తక్కువ. పెడళ్ల వద్ద అమర్చినది ఖరీదైనదైనా, గేర్ల సాయంతో ఎత్తును సులభంగా ఎక్కిస్తుంది.

బ్యాటరీ: వోల్టులను ఆంపియర్-అవర్లతో గుణిస్తే సామర్థ్యం తెలుస్తుంది. 36 వోల్టులు, 10 ఆంపియర్-అవర్లు అయితే 360 వాట్-అవర్లు. మేడపై నివసించేవారు విడదీసి ఇంట్లో ఛార్జి చేయదగిన బ్యాటరీనే ఎంచుకోవాలి.

చట్టం: మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండి, ప్రభుత్వ గుర్తింపు పొందిన పరీక్షాసంస్థ ధ్రువీకరించిన సైకిలుకు రిజిస్ట్రేషన్, లైసెన్సు అవసరం లేదు. ఆ పరిమితి దాటినది మోటారు వాహనమే. దానికి రిజిస్ట్రేషన్, లైసెన్సు, బీమా తప్పనిసరి. కావున ధ్రువీకరణ పత్రాన్ని అడిగి చూడాలి. వేగ పరిమితిని తొలగించి ఇస్తామంటే అంగీకరించరాదు. అట్టి సైకిలుతో ప్రమాదం సంభవిస్తే, బీమా లేనందున నష్టపరిహార భారమంతా కొన్నవారి కుటుంబంపైనే పడవచ్చు.

చివరగా, మోటారు ఆపి ఒకసారి, ఎత్తుదారిలో ఒకసారి నడిపి చూసిన పిమ్మటనే డబ్బు చెల్లించాలి.