కుర్చీని చూసి ‘కుదరదు’ అంటే

నిరుడు సంక్రాంతి వెళ్ళాక రాజమండ్రి నుంచి భార్యాభర్తలిద్దరు నా దగ్గరికి వచ్చారు. ఆయనకు ముప్పై నాలుగేళ్ళు. తొమ్మిదేళ్ళ కిందట లారీ గుద్ది వెన్నుపూస దెబ్బతింది. అప్పటినుంచీ వీల్‌చెయిరే. అంతకు ముందు గోదావరిలో ఈదుతూ పెరిగిన మనిషి. సముద్రం అడుగున చేపల్ని చూడాలన్న కోరికతో డబ్బు కూడబెట్టుకుని అండమాన్ వెళ్ళారు. స్వరాజ్ ద్వీప్‌లో, అంటే మనం హేవ్‌లాక్ అంటూ వచ్చిన దీవిలో, స్కూబా డైవింగ్‌కి ముందే ఇద్దరి పేరునా డబ్బు కట్టారు. తీరా కౌంటర్ దగ్గరికి వెళ్తే అక్కడి కుర్రాడు కుర్చీ వంక చూసి, “సార్‌కి కుదరదు మేడమ్, మీరొక్కరే రండి” అన్నాడట. ఆ మాట ఆయనతో అనలేదు, ఆవిడతో అన్నాడు. డబ్బు తిరిగి ఇవ్వకపోవడం కన్నా తన ముఖం చూసి మాట్లాడకపోవడమే ఆయనకు ఎక్కువ గుచ్చుకుంది.

“ఇది కేసయ్యే సంగతేనా అండి? సరదాకి వెళ్ళాం కదా” అని అడిగారు.

అవుతుంది. సరదా కూడా చట్టంలో ఉంది. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉన్న దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని 29వ సెక్షన్ వినోదం గురించే చెబుతుంది. ఆరుబయట శిబిరాల్లో, సాహస క్రీడల్లో దివ్యాంగులు పాల్గొనేలా ప్రభుత్వం చూడాలని అందులో రాసి ఉంది. 3వ సెక్షన్ వైకల్యం కారణంగా వివక్ష చూపకూడదంటుంది. తగిన సర్దుబాటు చేయగలిగి ఉండి చేయకపోవడాన్ని కూడా ఈ చట్టం వివక్ష కిందే లెక్కగడుతుంది. ప్రైవేటు సంస్థ అన్నంత మాత్రాన ఈ చట్టం నుంచి తప్పించుకోలేదు.

అయితే అదే 3వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. దాన్ని దాచి చెప్తే నేను సరైన సలహా ఇచ్చినట్టు కాదు. న్యాయమైన ఉద్దేశం ఉండి, దానికి తగినంత మేరకే ఆంక్ష పెట్టామని అవతలివాళ్ళు చూపించగలిగితే అది వివక్ష కాదు. ప్రాణభద్రత న్యాయమైన ఉద్దేశమే. వెన్నెముక గాయం ఛాతీ పైభాగంలో ఉంటే బీపీ ఒక్కసారిగా పెరిగిపోయే ప్రమాదం ఉంటుంది. స్పర్శ లేని కాలికి పగడపు రాయి గీరుకున్నా తెలియదు. చల్లటి నీళ్ళలో ఒళ్ళు వేడిని నిలుపుకోలేకపోవచ్చు. కాబట్టి డైవింగ్ సంస్థ భయాన్ని నేను తీసిపారేయను.

కానీ భయపడినవాళ్ళు ముందు అడగాలి. డైవింగ్‌కి వెళ్ళే ప్రతి ఒక్కరికీ ఆరోగ్య ప్రశ్నల ఫారం ఒకటి ఇవ్వడం ఆనవాయితీ. కొన్ని ప్రశ్నలకు ‘అవును’ అని జవాబొస్తే డాక్టరు చూసి సంతకం పెట్టాలి. ఆ ఫారం ఆవిడకు ఇచ్చారు, ఆయన చేతికి ఇవ్వనేలేదు. గాయం ఏ పూస దగ్గరో, చేతుల్లో బలం ఎంతో, ఈత వచ్చో రాదో అడగలేదు. అడిగి, డాక్టరు వద్దన్నాడు కాబట్టి ఆపామంటే అది జాగ్రత్త. కుర్చీని చూసి ఆపేస్తే అది వివక్ష. నా దగ్గరికి వచ్చే ఇలాంటి ప్రతి కేసులోనూ నేను మొదట వెతికేది ఈ తేడానే.

అసలు ఇది సాధ్యమయ్యే పనేనా అని అడిగేవాళ్ళకు ఒక మాట. అమెరికాలో 1981లో మొదలైన హాండీక్యాప్డ్ స్కూబా అసోసియేషన్ దివ్యాంగులకు డైవింగ్ నేర్పి, మూడు స్థాయిల్లో సర్టిఫికెట్ ఇస్తుంది. ఒకరు తోడుంటే చాలినవాళ్ళు, ఇద్దరు కావాల్సినవాళ్ళు, ఆ ఇద్దరిలో ఒకరికి ప్రమాదంలో కాపాడే శిక్షణ కూడా ఉండాల్సినవాళ్ళు. కాళ్ళు ఆడనివారు వేళ్ళ మధ్య పొర ఉన్న చేతితొడుగులతో చేతులతోనే ఈదుతారు. బరువు సరిగ్గా కట్టుకుంటే ఒళ్ళు తేలదు, మునగదు. నీళ్ళలో కుర్చీతో పనే లేదు. తోడు ఒకరికి బదులు ఇద్దరిని పంపడం, చట్టం చెప్పే తగిన సర్దుబాటుకి నాకు తెలిసిన చక్కటి ఉదాహరణ.

నీళ్ళదాకా చేరడానికి ముందు విమానం ఉంది. 2012 ఫిబ్రవరిలో జీజా ఘోష్ అనే సెరిబ్రల్ పాల్సీ ఉన్న సామాజిక కార్యకర్త కోల్‌కతాలో గోవా విమానమెక్కి సీట్లో కూర్చున్నాక, ఆమెను దింపేశారు. 2016 మే 12న సుప్రీంకోర్టు ఆమెకు పది లక్షల రూపాయల పరిహారం ఇప్పించింది. ఇప్పుడు పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన స్పష్టంగా ఉంది. వైకల్యం కారణంగా ప్రయాణం నిరాకరించకూడదు. దారిలో ఆరోగ్యం చెడుతుందని సంస్థకు అనుమానం వస్తే విమానాశ్రయంలోని డాక్టరు ఆ మనిషిని స్వయంగా పరీక్షించి అభిప్రాయం చెప్పాలి. ఈ మార్పు 2022లో వచ్చింది. మీకు కావలసిన సాయం ఏమిటో కనీసం 48 గంటల ముందు రాతపూర్వకంగా చెప్పండి. దిగాక కుర్చీ విరిగి కనిపిస్తే విమానాశ్రయం దాటకముందే ఫిర్యాదు రాయించి, ఫొటోలు తీసి పెట్టుకోండి.

మనిషిని ఎత్తడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. జెట్టీ మీది నుంచి బోటులోకి దించేటప్పుడు ఇద్దరు మనుషులొచ్చి, ఒక్క మాటైనా చెప్పకుండా ఒకరు చంకల కింద, ఒకరు మోకాళ్ళ కింద చేతులు వేసి ఎత్తేశారని ఆయన చెప్పారు. చొక్కా పైకి లేచిపోయింది. మూత్రపు సంచి గొట్టం లాగినట్టయింది. చుట్టూ వందమంది ఉన్నారు. వాళ్ళది సాయమే, కాదనను. కానీ అనుమతి లేకుండా దివ్యాంగుల్ని చేతులతో ఎత్తకూడదని విమాన ప్రయాణాల విషయంలో సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. బోటు దగ్గర కూడా మీరు అదే మాట అనవచ్చు. “ఆగండి, ఎక్కడ పట్టుకోవాలో నేను చెప్తాను” అనడం మర్యాద తప్పడం కాదు.

ఇక హోటల్. ‘వీల్‌చెయిర్ సౌకర్యం ఉంది’ అన్న మాటను నమ్మకండి. బాత్రూమ్ గుమ్మం వెడల్పు టేపు పెట్టి కొలిచి, ఫొటో పంపమనండి. 2021 జాతీయ మార్గదర్శకాల ప్రకారం గుమ్మం 900 మిల్లీమీటర్లు ఉండాలి. వీళ్ళ గదిలో కుర్చీ చక్రం చట్రానికి తగిలి ఆగిపోయింది. మూడు రోజులూ ఆవిడ ప్లాస్టిక్ కుర్చీ మీద ఆయన్ని లోపలికి లాగింది. ఇలాంటి సదుపాయాలు వట్టి సిఫారసులుగా మిగిలిపోకూడదనీ, కనీస ప్రమాణాలను తప్పనిసరి చేయాలనీ రాజీవ్ రతూరి కేసులో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ కేసులో కోర్టు కోరితే క్షేత్రస్థాయి నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రమే.

ఇన్సూరెన్స్ సంగతికి వస్తే, ఆరోగ్య పాలసీల్లో సాహస క్రీడల మినహాయింపు చూసి చాలామంది ఆశ వదులుకుంటారు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఖరారు చేసిన వాక్యాన్ని నిదానంగా చదవండి. అందులో స్కూబా పేరుంది, కానీ అది వృత్తిగా చేసేవారికే. సెలవుల్లో ఒకసారి దిగినవాళ్ళు వృత్తిదారులు కారు. విదేశీ ప్రయాణ పాలసీల్లో షరతులు వేరుగా ఉంటాయి, కొనేముందే అడగండి.

‘ఏం జరిగినా మా బాధ్యత లేదు’ అన్న కాగితం మీద సంతకం పెట్టాం కదా అని ఆవిడ భయపడింది. సముద్రంలో సహజంగా ఉండే ప్రమాదానికి ఆ సంతకం వర్తించవచ్చు. సంస్థ నిర్లక్ష్యానికి అది రక్షణ కాదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం ఏకపక్ష షరతుల్ని ప్రశ్నించవచ్చు. ఇంకో మేలు ఏమిటంటే కేసు కోసం అండమాన్ వెళ్ళక్కర్లేదు. మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు. గడువు రెండేళ్ళు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. వేసేముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి చూడండి, కొన్ని అక్కడే తేలిపోతాయి. వివక్ష మీద దివ్యాంగుల కమిషనర్‌కి విడిగా ఫిర్యాదు చేయవచ్చు. నలుగురిలో కావాలని అవమానిస్తే దివ్యాంగుల హక్కుల చట్టం 92వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ళ దాకా జైలు శిక్ష ఉంది. లాయరుకి ఇచ్చుకోలేమన్న బెంగ అక్కర్లేదు. దివ్యాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం చెబుతోంది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థలో సదరం సర్టిఫికెట్ చూపించండి, లేదా 15100కి ఫోన్ చేయండి.

అన్నిటికన్నా ముందు చేయాల్సింది ఒకటుంది. ‘కుదరదు’ అన్న మాటను కాగితం మీదికి తెప్పించడం. కౌంటర్ దగ్గర గొడవపడకుండా, అక్కడే నిలబడి వాట్సాప్‌లో “మావారికి డైవింగ్ ఎందుకు నిరాకరించారో తెలపండి” అని పంపితే చాలు. ఆవిడ ఆ పని చేసింది. “వీల్‌చెయిర్ కస్టమర్లను తీసుకోము” అని జవాబొచ్చింది. నా నోటీసుకు బలమంతా ఆ ఒక్క వాక్యమే. ఇరవై రోజుల్లో డబ్బు మొత్తం తిరిగొచ్చింది, దానితోపాటు ఆయన పేరు మీద ఒక క్షమాపణ ఉత్తరం.

ఈ డిసెంబరులో మళ్ళీ వెళ్తున్నారు, వేరే సంస్థతో. ఫారం ముందే తెప్పించుకుని డాక్టరుతో సంతకం చేయించుకున్నారు. ఇద్దరు శిక్షకులు వెంట దిగుతామని మెయిల్ ఇచ్చారు. ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, అంతకు మించితే 18 గంటలు ఆగి విమానం ఎక్కాలి కాబట్టి, తిరుగు టికెట్ ఒక రోజు వెనక్కి జరిపించుకున్నారు.