చిత్రమును దాచుకొనుటయా, తెప్పించుకొని చూచుటయా?

ఇంటిలో కూర్చుండి సినిమా చూచుట నేడు మన పిల్లలకు మంచినీళ్లు త్రాగినంత సులభము. ఆ సులభమైన పనిలో మనవంటి వారికి సంబంధించిన చిక్కు ఒకటి కలదు. దానిని విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును విన్నవింపదలచి ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

కొంతకాలము క్రిందట తొమ్మిదవ తరగతి పిల్లలకు 'మాయాబజార్' చూపవలెనని సంకల్పించితిమి. వినోదమొక్కటే మా ఉద్దేశము కాదు. కె.వి. రెడ్డిగారు దర్శకత్వము వహించిన ఆ చిత్రము తెలుగున 1957 మార్చి 27న, తమిళమున అదే సంవత్సరము ఏప్రిల్ 12న విడుదలయైనది. శ్రీకృష్ణుడుగా ఎన్.టి. రామారావుగారు, ఘటోత్కచుడుగా ఎస్.వి. రంగారావుగారు రెండింటను నటించిరి. అభిమన్యుడు మాత్రము తెలుగున అక్కినేని నాగేశ్వరరావుగారు, తమిళమున జెమినీ గణేశన్‌గారు. తెలుగు మాటలు వ్రాసినవారు పింగళి నాగేంద్రరావుగారు. తమిళమునకు వ్రాసినవారు తంజై రామయ్యదాస్‌గారు. ఒకే కథ, అవే ముఖములు, రెండు భాషల పలుకుబడి! రెండు భాషల నడుమ పెరుగుచున్న హోసూరు, కృష్ణగిరి పిల్లలకు ఇంతకంటె మంచి భాషాపాఠము ఎక్కడ దొరకును?

మా ఉపాధ్యాయులొకరు చందా కట్టిన ఓటీటీలో ఆ చిత్రమున్నదని ముందురోజుననే చూచి చెప్పిరి. మరునాడు తెర కట్టితిమి. పిల్లలు చాపలమీద కూర్చుండిరి. ప్రొజెక్టరు వెలిగినది. చిత్రము మాత్రము లేదు. పేరు వ్రాసి ఎన్నిమార్లు వెదకినను వేరు చిత్రములే వచ్చినవి. ముందువరుసలోని పిల్లవాడొకడు "నిన్న ఉండె గదా సార్! ఈ పొద్దు యాడికి పాయె?" అని అడిగెను. మాకు వెంటనే సమాధానము తోచలేదు. తరువాత తెలిసికొనిన సమాధానమును ఇప్పుడు చెప్పుచున్నాము.

ఓటీటీలో మనము చూచు చిత్రము మన ఫోనులోనో, టీవీలోనో ఉండదు. అది ఎక్కడనో దూరముననున్న పెద్ద కంప్యూటరులో ఉండును. దానిని కొద్ది సెకండ్ల ముక్కలుగా చేసి ఒకదాని వెంట ఒకటి మనకు పంపుదురు. మన నెట్టు వేగము తగ్గినచో తక్కువ నాణ్యతగల ముక్క వచ్చును; అందుచేతనే బొమ్మ ఒక్కొక్కమారు మసకబారును. వేగము మరియు తగ్గినచో బొమ్మ నిలిచిపోయి తెర నడుమ చక్రము తిరుగును. తళి, డెంకణికోట ప్రాంతపు కొండయూళ్లవారికి ఈ చక్రము చిరపరిచితము.

అంతకంటె ముఖ్యమైన విషయము మరియొకటి కలదు. ఆ సంస్థ కూడ అన్ని చిత్రములకును యజమాని కాదు. హక్కుదారులతో ఇన్ని సంవత్సరములకు, ఈ దేశమునకు అని ఒప్పందము చేసికొని చూపును. గడువు తీరి ఒప్పందము సాగనిచో చిత్రమును తీసివేయును. మనము కట్టు చందా చిత్రమునకు వెల కాదు. తలుపు తెరచియున్నంతవరకు లోనికి పోయి చూచుటకు ఇచ్చు రుసుము. అద్దె యింటి గోడకు మేకు కొట్టవలెనన్నను యజమానిని అడుగవలసి యుండును గదా! ఇదియు అట్టిదే. ఆ పిల్లవాని ప్రశ్నకు ఇదియే సమాధానము: చిత్రము ఎక్కడికిని పోలేదు, అది మొదటినుండియు మనయొద్ద లేదు.

ఇక డిస్కు సంగతి చూతము. 12 సెంటీమీటర్ల వెడల్పుగల ఆ బిళ్లలో, లోపలి అంచు మొదలుకొని వెలుపలి అంచువరకు చుట్టలు చుట్టలుగా సాగు సన్నని త్రోవ యుండును. ఆ త్రోవలో కంటికి కనబడనంత చిన్న గుంటలుండును. లేజరు కిరణము ఆ గుంటలను తడవుచు పోవుచుండగా, తిరిగివచ్చు వెలుగులోని భేదమును యంత్రము బొమ్మగా, ధ్వనిగా మార్చును. వి.సి.డి.లో సుమారు 74 నిమిషముల చిత్రము పట్టును. మన చిత్రములు మూడుగంటలవి గనుక ఒక్కొక్క చిత్రము రెండు మూడు బిళ్లలుగా వచ్చెడిది. డి.వి.డి. ఒక పొరలో 4.7 గిగాబైట్లు, బ్లూరే ఒక పొరలో 25 గిగాబైట్లు పట్టును. అందుచేతనే వానిలో బొమ్మ మరింత స్పష్టముగ నుండును.

మన దేశమున 2007 ప్రాంతమున మోజర్ బేర్ సంస్థ వి.సి.డి.ని 28 రూపాయలకు, డి.వి.డి.ని 34 రూపాయలకు అమ్మినప్పుడు సామాన్య కుటుంబములు కూడ ఇష్టమైన చిత్రములను కొని బీరువాలో పెట్టుకొనినవి. తరువాత కాలము మారినది. 2016లో నెట్‌ఫ్లిక్స్, అమెజాన్ ప్రైమ్ వీడియో మన దేశమునకు వచ్చినవి. అదే సంవత్సరము సెప్టెంబరులో జియో రాకతో డేటా వెల పడిపోయినది. 2020లో తెలుగునకు ప్రత్యేకముగ 'ఆహా' వచ్చినది. మోజర్ బేర్ సంస్థ దివాలా తీయగా 2018లో దానిని మూసివేయుటకు ఉత్తరువైనది. అమెరికాలో 1998 మొదలుకొని తపాలా ద్వారా డిస్కులు అద్దెకు పంపిన నెట్‌ఫ్లిక్స్ కూడ ఆ పనిని 2023 సెప్టెంబరులో మానివేసినది. నేడు డిస్కు దొరకుట కష్టము. దానిని ఆడించు యంత్రము దొరకుట మరియు కష్టము.

ఆనాడు మా తరగతిలో జరిగినదానిని పూర్తిగా చెప్పవలెను. విద్యార్థి తండ్రి ఒకరు సంగతి విని, తమ యింటి అటకమీదినుండి ఆ చిత్రపు వి.సి.డి.లు మూడు తెచ్చియిచ్చిరి. ప్లేయరు కొరకు నాలుగిండ్లు తిరిగితిమి. మొదటి బిళ్ల చక్కగ ఆడినది. రెండవదానిపై గీతలు పడియుండుటచే బొమ్మ గడ్డకట్టుచు, మాట తెగిపోవుచు వచ్చినది. పిల్లలు లేచిపోలేదుగాని కథ తెగిపోయినది. కాబట్టి డిస్కు కొనినంతమాత్రమున చిత్రము దాచినట్లు కాదనియు ఆనాడే నేర్చుకొంటిమి. చందా కట్టినవారికి నమ్మకము లేదు. బిళ్లను కొన్నవారికి శ్రద్ధ లేదు. రెండు విధముల నష్టపోయినవారు పిల్లలే.

ఇంతమాత్రమునకు ఇంత చింత యెందుకని కొందరు అడుగవచ్చును. హైదరాబాదులోనో విజయవాడలోనో పెరుగు పిల్లవానికి వీధియంతయు తెలుగే. ఒక చిత్రము దొరకనిచో అతనికి పెద్దలోటు లేదు. మన స్థితి వేరు. మన హోసూరు ప్రాంతము 1965 వరకు సేలము జిల్లాలో, తరువాత ధర్మపురి జిల్లాలో ఉండి, 2004లో కృష్ణగిరి జిల్లాలో చేరినది. జిల్లా పేరు రెండుమార్లు మారినను మన యింటి భాష మారలేదు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము వచ్చిన పిమ్మట మన పిల్లలు ఒకటవ తరగతినుండి తమిళము నేర్చుచున్నారు. మనము నివసించు రాష్ట్రపు భాషను నేర్చుట మన ధర్మము, మన మేలు కూడ. అయితే తెలుగునకు మిగిలిన గంటలు కొన్నియే. ఇంటిలో మాటాడు మొరసునాటి తెలుగు తీయనిదేగాని, అందొక్కదానిచే గ్రంథముల తెలుగు పట్టుబడదు. ఆ రెంటికిని నడుమ వంతెనగా నిలుచునది మంచి చిత్రము. 'మల్లీశ్వరి', 'పాతాళ భైరవి' 1951లోను, 'దేవదాసు' 1953లోను వచ్చినవి. వానిలోని మాటల తీరును చెవితో విన్న పిల్లవాడు పద్యమును చదువునప్పుడు తడబడడు. ఇది మేము తరగతిలో అనేకమార్లు కనుగొన్న విషయము.

దాచుకొనకపోయినచో ఏమగునో మన చరిత్రయే చెప్పుచున్నది. 1921లో రఘుపతి ప్రకాశ్‌గారు తీసిన మూకీచిత్రము 'భీష్మ ప్రతిజ్ఞ' నేడు లేదు. 1932లో విడుదలయైన మన మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' ప్రతియు నేడు లేదు. తెలుగువారి తొలి మాటలచిత్రమును తెలుగువారెవ్వరును నేడు చూడలేరు! జాతీయ ఫిలిం భాండాగారము పూనాలో 1964లో గాని ఏర్పడలేదు. 2003 జనవరి 8న పూనాలో జరిగిన అగ్నిప్రమాదమున ఎన్నియో పాత నైట్రేటు ఫిలిములు కాలిపోయినవి. ఎవరో ఒకరు దాచియుందురని అందరును అనుకొనినచో తుదకు ఎవ్వరియొద్దను మిగులదు.

బడులకు సంబంధించిన చట్టమును కూడ తెలిసికొనవలెను. 1957 నాటి మన కాపీరైటు చట్టము 52వ విభాగమున విద్యాసంస్థలకు ఒక సదుపాయమున్నది. సంస్థ కార్యక్రమములలో భాగముగ, విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రులు, సంరక్షకులు, సంస్థ కార్యక్రమములతో సంబంధమున్నవారు మాత్రమే ప్రేక్షకులుగ నున్నప్పుడు చిత్రమును ప్రదర్శించుట హక్కుల ఉల్లంఘన కాదు. ఊరివారినందరిని పిలిచినచో ఈ సదుపాయము వర్తింపదు. ఓటీటీ చందా సంగతి వేరు; ఆ ఒప్పందములు సాధారణముగ ఇంటివారి సొంత వినియోగమునకే పరిమితములు. కావున మేము ఆనాడు చేయబోయిన పని కూడ సరియైనది కాదని తరువాత గ్రహించితిమి. న్యాయముగ కొన్న డిస్కు బడి బీరువాలో ఉన్నచో ఈ సందేహమే యుండదు. అదే చట్టము ప్రకారము చిత్రముపై హక్కు విడుదలయైన మరుసటి సంవత్సరము మొదలుకొని 60 సంవత్సరములు మాత్రమే యుండును. 1951 నాటి చిత్రములకు ఆ గడువు 2011తో, 1957 నాటివానికి 2017తో తీరినది.

అట్లని ఓటీటీని నిందించుట మా ఉద్దేశము కాదు. నెలకు 150 రూపాయల చందా యనుకొందము; సంవత్సరమునకు 1,800 రూపాయలు. ఆ సొమ్ముతో వందలాది చిత్రములు చూడవచ్చును. ఒక్కమారు చూచి మరచిపోవు చిత్రమునకు డిస్కు కొనుట వ్యర్థము. ఇంటిలో చోటు కూడ దండుగ. దూరదేశపు చిత్రములను తెలుగు మాటలతో మన ముంగిటికి తెచ్చినదియు ఓటీటీయే. కావున మా అభిప్రాయమిది: చూచి విడుచు చిత్రములను తెప్పించుకొని చూడవలెను, మరల మరల చూడదగినవానిని, పిల్లలకు నేర్పదగినవానిని చేతిలో ఉంచుకొనవలెను. సంతలో కూరగాయలు ఏనాటికానాడు కొందుము. విత్తనములు మాత్రము ఇంటిలో దాచుకొందుము గదా!

డిస్కును దాచువారు ఈ నియమములను పాటింపవలెను. బిళ్లను అంచున, నడిమి రంధ్రమున మాత్రమే పట్టుకొనవలెను. పెట్టెలో పెట్టి పుస్తకమువలె నిలువుగా ఉంచవలెను. ఒకదానిపై నొకటి పేర్చరాదు. ఎండ, వేడి, చెమ్మ తగులనీయరాదు; చెమ్మ చేరినచో లోపలి లోహపు పొర పాడగును. తుడువవలసి వచ్చినచో మెత్తని బట్టతో నడుమనుండి అంచునకు నేరుగ తుడువవలెను. గుండ్రముగ తుడిచినచో పడిన గీత త్రోవవెంట సాగి ఎక్కువ హాని చేయును. ఆరునెలలకొకమారు ఆడించి చూడవలెను. ప్లేయరును కూడ డిస్కుతోపాటు కాపాడవలెను. తాళముచెవి లేని పెట్టె ఎంత విలువైనదైనను ఏమి లాభము?

తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. హోసూరు, బాగలూరు, సూళగిరి, వేపనపల్లి, కృష్ణగిరి ప్రాంతములలో మన యిండ్ల అటకలమీద పాత తెలుగు చిత్రముల డిస్కులు నేటికిని ఉన్నవి. పండుగకు ఇల్లు సర్దునప్పుడు వానిని పాతసామానులవానికి వేయకుడు. నకలు బిళ్లలు మాకు వలదు. అట్టపెట్టెతో కొన్న అసలువి, ఆడుచున్న ప్లేయరు ఉన్నచో బడికి ఇప్పింపుడు. ఒక బీరువా, ఒక పట్టిక పుస్తకము మేము సిద్ధపరచితిమి. ఆ తండ్రిగారు ఇచ్చిన మూడు బిళ్లలు, గీతలు పడిన రెండవదానితో కూడ, పట్టికలో మొదటి వరుసన నమోదైయున్నవి. గీతలులేని రెండవ బిళ్ల యెవరి యింటనైన ఉన్నచో, ఆనాడు సగము కథ విన్న పిల్లలు దాని కొరకు ఎదురుచూచుచున్నారు.

ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. చందా కట్టి చూచుటకును, కొని దాచుకొనుటకును గల భేదమేమి?
2. డిస్కును గుండ్రముగ ఏల తుడువరాదు?
3. మీ యింటిలోని పెద్దలను అడిగి, వారు మరల చూడగోరు చిత్రముల పేర్లు అయిదు తెలుగులో వ్రాసి తెండు. వానిలో నేడు ఎక్కడను దొరకనివి ఎన్ని?