బోదకాలు: పంచిన మాత్ర, మింగిన మాత్ర

బోదకాలు పాపం వల్ల వచ్చేది కాదు. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ మోసుకొచ్చే ఫైలేరియా పురుగు వల్ల వస్తుంది. పురుగు ఒంట్లో ఉన్నా చాలామందికి ఏళ్ల తరబడి ఏమీ కనిపించదు. దాని పిల్లలు రాత్రిపూట రక్తంలోకి వస్తాయి కనుక పరీక్షకు నెత్తురు కూడా రాత్రే తీస్తారు. కాలు బాగా వాచాక మామూలు కావడం కష్టం.

అందుకే 2004 నుంచి దేశంలో ఈ జబ్బున్న జిల్లాల్లో ఏడాదికోసారి అందరికీ డి.ఇ.సి. మాత్రలు పంచే కార్యక్రమం మొదలైంది. తర్వాత ఆల్బెండజోల్ చేర్చారు. మా నిజామాబాద్ జిల్లాలోనూ పంచారు. 2 నుంచి 5 ఏళ్ల వారికి ఒకటి, 14 ఏళ్ల దాకా రెండు, ఆపైన మూడు డి.ఇ.సి. మాత్రలు. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రమైన జబ్బున్నవారికి ఇవ్వరు. పెద్ద పురుగు కొన్నేళ్లు బతుకుతుంది. కాబట్టి వరుసగా ఐదేళ్లయినా, మొత్తం జనాభాలో కనీసం 65 శాతం మంది మింగాలి.

చిక్కంతా ఈ 'మింగాలి' దగ్గరే. రిజిస్టర్‌లో పడేది పంచిన లెక్క. మోర్తాడ్ వైపు బీడీలు చుట్టే అమ్మ, పసుపు చేనుకు పోయే నాయన "కాలు మంచిగనే ఉంది, గోలీ ఎందుకు?" అని గూట్లో పెడితే ఆ లెక్క ఉత్తదే. మింగిన కొందరికి జ్వరం, తలనొప్పి, వాంతి వస్తాయి. పురుగులు చావడం వల్ల అలా అవుతుందని ముందే చెప్పకుంటే మరుసటి ఏడు ఆ ఇల్లు మాత్ర ముట్టదు. మంచి మందు మనిషి నోటిదాకా ఎందుకు పోలేదన్నదే సమాజ మనస్తత్వ శాస్త్రం అడిగే ప్రశ్న. 2002 జాతీయ ఆరోగ్య విధానం ఈ జబ్బు నిర్మూలనకు 2015 గడువు పెట్టింది. అది జరిగి జరిగి 2027కు చేరింది.

హాస్టల్‌లో పని సులువు: అన్నం తిన్నాక అందరం ఒకేచోట ఆరోగ్య కార్యకర్త ఎదుటే మింగవచ్చు. ఊళ్లో నాయనమ్మ గూట్లో పెట్టిన గోలీ సంగతి అడగాల్సింది మాత్రం మేమే.