ట్రాక్టరును రెండుగా విడదీయడం – మేము నేర్చుకున్న పాఠం



ఈ వసతి గృహంలోనే ఉండి చదువుకుని, నేడు ఎమ్మెస్సీ భౌతికశాస్త్రం చదువుతున్న మేము వార్షికోత్సవ సంచికకు ఏమి రాయాలా అని ఆలోచించాము. పుస్తకాల్లో ఉన్నది మీరే చదువుకోగలరు. అందుకని పట్టిసీమలో మా ఇంటి ముందు పాత ట్రాక్టరు గేరుబాక్సు విప్పినప్పుడు నేర్చుకున్న సంగతి రాస్తున్నాము. మీ ఇళ్లల్లో కూడా ట్రాక్టరు తోలేవారో, దాని వెంట కూలికి వెళ్లేవారో ఉంటారు. కనుక ఇది మనందరి పాఠమే.

ట్రాక్టరుకు వెన్నెముక ఏది?

లారీకి కింద పొడవైన ఛాసిస్ ఉంటుంది. ఇంజను దించేసినా లారీ నిలబడే ఉంటుంది. మన పొలాల్లో తిరిగే చాలా ట్రాక్టర్లకు అలాంటి ఛాసిస్ లేదు. ముందు ఇంజను, మధ్యలో గేరుబాక్సు, వెనుక ఇరుసు పెట్టె – ఈ మూడింటినీ బోల్టులతో బిగిస్తే అదే బండి శరీరం. 1917లో అమెరికాలో తయారీ మొదలైన ఫోర్డ్‌సన్ ట్రాక్టరుతో ఈ పద్ధతి బాగా వ్యాపించింది. 1960లో మద్రాసులో ఏర్పడిన టాఫే కంపెనీ వారి మాస్సీ ఫెర్గూసన్ 1035 కూడా ఇలాంటిదే. మా నాన్న కొన్న పాత బండి అదే. బరువు సుమారు 17 క్వింటాళ్లు. లోపల బేరింగు ఒక్కటి పోయినా, దాన్ని మార్చాలంటే బండి నడుమునే విడదీయాలి.

గేరుబాక్సు చేసే పని

చిన్న లెక్క చూద్దాం. దున్నేటప్పుడు ట్రాక్టరు గంటకు 5 కిలోమీటర్లు పోతుందనుకోండి. అంటే నిమిషానికి సుమారు 83 మీటర్లు. వెనుక టైరు చుట్టుకొలత దాదాపు 4 మీటర్లు. కాబట్టి టైరు నిమిషానికి 21 సార్లు తిరుగుతుంది. అదే సమయంలో ఇంజను 2000 సార్లు తిరుగుతుంటే, వేగం దాదాపు 95వ వంతుకు తగ్గిందన్నమాట. వేగం తగ్గిన మేరకు తిప్పే బలం పెరుగుతుంది, రాపిడికి కొంత పోతుంది. అంత బలాన్నీ మోసేవి పళ్లచక్రాలు, బేరింగులు. వాటిని కాపాడేది నూనె.

జబ్బు ఎలా వచ్చింది?

మా వైపు దమ్ము చేసేటప్పుడు ఇనప చక్రాలు తగిలించి బండిని బురద నీటిలో తిప్పుతారు. ఇరుసు దగ్గర ఆయిల్ సీలు అరిగితే నీరు లోపలికి పోతుంది. గేరు రాడ్డు రబ్బరు చినిగితే వాన నీరూ దిగుతుంది. ఈ మోడల్లో గేరుబాక్సు, వెనుక ఇరుసు, హైడ్రాలిక్ – మూడింటికీ ఒకటే నూనె, సుమారు 30 లీటర్లు. కనుక నీరు ఎక్కడ చొరబడినా అన్నిటినీ చెరుపుతుంది.

మా బండికి మొదట గరగర శబ్దం వచ్చింది. తరువాత లాగుతుండగా గేరు దానంతటదే జారిపోసాగింది. నూనె దించి చూస్తే పాలు కలిపిన టీలా ఉంది. నూనె తెల్లబడితే నీరు చేరినట్లు. మెరిసే పొడి ఉంటే లోహం అరుగుతున్నట్లు. ఆ పొడి అయస్కాంతానికి అంటుకుంటే ఉక్కు, అంటుకోకపోతే ఇత్తడి వంటిది.

విడదీసే క్రమం

1. గట్టి, చదునైన నేల మీద బండి నిలిపి, వెనుక చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టాలి. బ్యాటరీ తీగ తీయాలి.

2. నూనె దించి, బానెట్టు, డీజిలు గొట్టాలు, తీగలు, స్టీరింగు కడ్డీలు విప్పాలి. ప్రతి తీగకూ గుర్తు కట్టాలి.

3. ముందు ఇరుసుకూ దానిపై ఉన్న భాగానికీ మధ్య రెండు వైపులా చెక్క ముక్కలు బిగించాలి.

4. గేరుబాక్సు ముందు భాగం కింద గట్టి స్టాండు, ఇంజను వెనుక కొస కింద చక్రాల జాకీ పెట్టాలి.

5. ఆ తరువాతే జాయింటు బోల్టులు తీయాలి. వాటిలో రెండింటి స్థానంలో పొడవైన స్టడ్డులు పెడితే ముందు భాగం పక్కకు పోకుండా తిన్నగా జరుగుతుంది. సందులో వేళ్లు పెట్టరాదు.

క్లచ్ పనికి ఇంతే చాలు. గేరుబాక్సును పూర్తిగా బయటకు తీయాలంటే వెనుక జాయింటు కూడా ఇలాగే ఆనించి విడదీయాలి.

మేము చేసిన పొరపాటు

ఆ రోజు మేము తొందరపడి, మూడో పని చేయకుండానే బోల్టుకు పానా వేశాము. మేస్త్రీగారు చెయ్యి పట్టుకున్నారు. "ఏరా అబ్బాయ్, ఎమ్మెస్సీ చదువుతున్నావు కదా! ఆ బోల్టు తీశాక బరువు ఎటు పోద్దో చెప్పు ముందు" అన్నారు.

మేము చెప్పలేకపోయాము. గురుత్వకేంద్రం నుండి దించిన నిలువు రేఖ ఆధార వైశాల్యంలో పడితేనే వస్తువు నిలుస్తుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే! ముందు ఇరుసు గట్టుల మీద ఊగడానికి వీలుగా నడిమధ్య ఒకే పిన్ను మీద తిరుగుతుంది. బండి కలిసి ఉన్నప్పుడు వెనుక భాగం దానిని ఆపుతుంది. విడదీసిన క్షణాన ఇంజను పక్కకు ఒరిగిపోతుంది. ఆ పక్కన కూర్చుని ఉన్నది మా నాన్న.

తిరిగి కలపడం

పాడైన బేరింగులు రెండూ, ఆయిల్ సీళ్లూ మార్చి సాయంత్రానికి కలపడం మొదలుపెట్టాము. షాఫ్టు గాళ్లు క్లచ్ ప్లేటు గాళ్లలో కూర్చోవాలి. ఇంజనును చేత్తో కొద్దికొద్దిగా తిప్పుతూ తోస్తే రెండు ముఖాలూ వాటంతటవే కలుస్తాయి. సందు మిగిలితే బోల్టులతో లాగి బిగించకూడదు. క్లచ్ ప్లేటు పాడవుతుంది, పోత ఇనుము పగిలిపోవచ్చు.

ముగింపు

నూనె ఎందుకు మార్చలేదని నాన్నను అడిగితే "కుదర్లేదులేరా" అన్నారు. ఆ ఏడు నూనెకు ఉంచిన డబ్బు మా పీజీ ఫీజుకు కట్టారని తరువాత అమ్మ చెప్పింది. మా ఇంట్లో డిగ్రీ అందుకున్న మొదటివాళ్లం మేమే. ఆ డిగ్రీ బరువు ఇన్నాళ్లూ ఎవరు మోశారో అప్పుడు తెలిసింది.

కాబట్టి తమ్ముళ్లారా, సెలవులకు వెళ్లినప్పుడు మీ ఇంటి బండి నూనె రంగు చూడండి. సీళ్లు, రబ్బరు తొడుగు చూడండి. దమ్ము పని అయ్యాక ఒకసారి తప్పక చూడండి. విప్పే చోట ఉంటే ముందు ఆనించండి, తరువాత విప్పండి. మేస్త్రీగారు అడిగిన ప్రశ్న మీరూ మీ పెద్దలను అడగండి. ఈ వ్యాసం వల్ల ఒక్క ఇంట్లో ఒక్క బేరింగు మిగిలినా, ఒక్క చెయ్యి నలగకుండా ఉన్నా, మా శ్రమ ఫలించినట్లే.