పొద్దు ముదిరేలోపే దిగాలి

పావగడ కోట గుట్టను చిన్నప్పటి నుంచీ ఎక్కి దిగుతున్న కుర్రాళ్ళకు అదొక జీవనాధారం కాగలదని తోచదు. తోచినా, "దారి నాకు తెలుసు, ఇంకేం కావాలి?" అనుకుంటారు. బెంగళూరు నుంచి నూటయాభై కిలోమీటర్లు వచ్చే జట్టుకు దారి చూపడం పనిలో సగమే. వాళ్ళను ఏ వేళకు కిందికి దింపాలో తెలియడం మిగతా సగం. కష్టమైనది అదే.

మంచుకొండల గైడ్లకు ఈ సంగతి బాగా తెలుసు. లిఫ్టులు లేని లోయల్లో స్కీల అడుగున స్కిన్లనే పట్టీలు అతికించుకుని నడిచి ఎక్కుతారు. పైన వాటిని ఊడదీసి జారుతూ దిగుతారు. స్కీ టూరింగ్ అంటే ఇదే. వసంతకాలంలో గైడు చీకటితోనే బయల్దేరతాడు. ఎండ తగిలి మంచు మెత్తబడితే మంచుచరియలు విరిగిపడొచ్చు. అందుకే ముందే పెట్టుకున్న వేళ దాటితే, శిఖరం కళ్ళెదుట ఉన్నా వెనక్కి తిప్పుతాడు.

మనకు మంచు లేదు, బండ ఉంది. వేసవిలో పొద్దెక్కితే అది పెనంలా కాలుతుంది. కాబట్టి వేళ పెట్టుకునే పద్ధతి నేర్చుకోండి, చీకట్లో బయల్దేరడం మాత్రం వద్దు. మన గుట్టల్లో ఎలుగుబంట్లు, చిరుతలు తిరుగుతాయి. వెలుగు బాగా పడ్డాక ఆరున్నరకు మొదలుపెట్టి, తొమ్మిదింటికి ఎక్కడున్నా వెనక్కి తిరగడం వేసవికి మంచి లెక్క.

మొదట వాచీ పెట్టుకుని ఒక్కరే నడవండి. ఏ కోటవాకిలికి ఎన్ని నిమిషాలు పట్టిందో నోటుబుక్కులో రాయండి. తర్వాత మీ ఇంట్లో అందరికన్నా నెమ్మదిగా నడిచేవాళ్ళను వెంట తీసుకెళ్ళి మళ్ళీ రాయండి. జట్టుకు చెప్పాల్సింది ఈ రెండో లెక్కే. నిడుగల్లు దుర్గానికీ ఇదే పద్ధతి. నిడుగల్లు చోళుల కథను తెలుగులోనూ కన్నడలోనూ చెప్పగలగడం మీకున్న బలం, దాన్ని ఊరికే పోనివ్వకండి.

నీళ్ళు కిందనే నింపుకోండి. ఈ తాలూకా బోరునీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ, కాబట్టి ఆర్వో ప్లాంటు నీళ్ళే పట్టండి. తేనెపట్లున్న గుండ్ల దగ్గర సెంటు, పొగ, కేకలు వద్దని బయల్దేరకముందే చెప్పండి. వానకు తడిసిన బండ పాచితో జారుతుంది. ఉరుము వినబడితే శిఖరం మీద నిలబడకండి. పదిమంది దాటితే ముందొకరు, వెనకొకరు ఉండాలి. వెనక నడిచేవాడికీ కూలి లెక్కేయండి. అటవీ భూమిలోంచి వెళ్ళే దారైతే రేంజి ఆఫీసులో అడిగి, అనుమతి చేతికొచ్చాకే జట్టును పిలవండి.

శిక్షణకు దగ్గరి చోటు బెంగళూరు. అక్కడి జనరల్ తిమ్మయ్య సాహస అకాడమీ కోర్సుల గురించి కనుక్కోండి. ప్రథమచికిత్స సర్టిఫికెట్ తప్పనిసరి. మంచు మీద మనసుంటే ఉత్తరకాశీ, డార్జిలింగ్ సంస్థల్లో బేసిక్ కోర్సు ఉంది. స్కీయింగ్ నేర్పేవి గుల్మార్గ్, మనాలీ సంస్థలు. బండ మీద మొదలైతే మంచు దాకా వెళ్ళలేమని అనుకోకండి. 2014లో పదమూడేళ్ళకే ఎవరెస్టు ఎక్కిన నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ తొలి పాఠాలు భువనగిరి బండ మీదే నేర్చుకుంది.

తిరుమణి వైపు సోలార్ పార్కులో కాపలా పనో, ప్యానెళ్ళు తుడిచే పనో ఉంటే ఇప్పుడే మానేయకండి. జట్లు ఎక్కువగా వచ్చేది చలికాలం శని, ఆదివారాల్లోనే. ఒక ఏడాది ఆ రెండు రోజులే చేసి, ఖర్చులు పోను ఏం మిగిలిందో చూసుకోండి.

చివరిగా, డబ్బు మాట గుట్ట కిందే తేల్చుకోండి. "మధ్యలో తిప్పినా నా కూలి మారదు" అని బయల్దేరకముందే చెప్పండి. పైదాకా తీసుకెళ్తేనే డబ్బు అనే ఒప్పందానికి తలూపారంటే, తొమ్మిదింటికి వెనక్కి తిప్పాల్సిన రోజు మీ నోరు పెగలదు.